బసవయ్య ఎద్దు, ఇట్స్‌కోఅట్ల్ పాము

తెనాలి నుంచి గుంటూరు పోయే రోడ్డు మీద 1984లో బసవయ్య అనే ఆయన టీకొట్టు పెట్టాడు. రేకు బోర్డు నాతో రాయించాడు. పసుపు నేల, ఎర్ర అక్షరాలు, నల్ల షేడు. "బసవయ్య టీ స్టాల్" అని మూడడుగుల రేకు నిండా రాసి ఎండలో ఆరబెట్టాను. ఆయనకి చదువు రాదు. బోర్డు ముందు నిలబడి అటూ ఇటూ చూసి, "ఇందులో నేనెక్కడున్నానబ్బాయ్?" అని అడిగాడు. మొదటి నాలుగు అక్షరాల మీద వేలు పెట్టి చూపించాను. "నువ్వు చెబితే నమ్మాలి గదా. నాకు తెలిసేట్టు పైన ఓ ఎద్దు తలకాయ గియ్యి" అన్నాడు.

గీశాను. వారం తిరక్కుండా చదువురాని కూలీలు, బడి మొహం చూడని పిల్లలు ఆ తల చూసి "బసవయ్య" అనడం మొదలుపెట్టారు. ఒక్కసారి మాత్రం తమిళ లారీ డ్రైవరు ఒకాయన బండి ఆపి, ఎద్దు తల వైపు చెయ్యి చూపించి తవుడూ చెక్కా కావాలన్నాడు. పశువుల దాణా కొట్టనుకున్నాడు పాపం. బసవయ్య ఆయనకి టీ పోశాడు.

ఈ ముచ్చటని నలభై ఏళ్లుగా నలుగుర్నీ నవ్వించడానికి చెబుతూ వచ్చాను. అందులో ఇంకేమైనా ఉందని తట్టలేదు. ఫ్లెక్సీలొచ్చి నా కుంచెలకి పని పోయింది. ఓ ఏడాది డాలస్‌లో మా అబ్బాయి దగ్గర ఆరు నెలలుండి వద్దామని వెళ్లాను. మనవరాలు వెన్నెలతో చదివే ఓ పిల్ల సాయంత్రాలు మా ఇంటికి వచ్చేది. దాని టిఫిన్ డబ్బా మీద పేరుని ఎవరూ సరిగ్గా చదవలేరు, బళ్లో టీచరు కూడా ఏటా తడబడుతుందట. "షోచిట్ల్. అంత కష్టమైతే సోచీ అను తాతా" అంది వెన్నెల. ఏమిటర్థం అంటే, పువ్వట. పిల్ల పెద్దవాళ్లది మెక్సికోలో ప్యూబ్లా వైపు. పేరు మాత్రం స్పానిష్ కాదు, నావట్ల్. స్పెయిన్ వాళ్లు రాకముందు అజ్‌టెక్కులు మాట్లాడిన భాష. ఇవాళ్టికీ అక్కడ పదిహేను లక్షల మందికి పైగా మాట్లాడుతున్నారు. మనం టమాటా అన్నప్పుడల్లా వాళ్ల 'తొమట్ల్' అనే మాటనే కాస్త అరగదీసి వాడుతున్నాం.

"ఆ పేరుని వాళ్లు ఎలా రాసేవాళ్లు?" అని అడిగాను. చేతి అలవాటు, ఊరుకోదు. వెన్నెల లైబ్రరీ నుంచి లావుపాటి పుస్తకం తెచ్చింది. మెందోసా కోడెక్స్ అనే పాత చేతిరాత పుస్తకం బొమ్మలూ, దాని వివరణా. ఇంగ్లీషు నాకు నత్తనడక. బొమ్మలకి ఏ భాషా అక్కర్లేదు గదా అనుకున్నాను. అక్కడే పప్పులో కాలేశాను.

1521 ఆగస్టు 13న అజ్‌టెక్కుల రాజధాని తెనోచ్‌టిట్లాన్ నగరం స్పెయిన్ సేనాని కోర్తెస్ చేతికి చిక్కింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లకి, 1541 ప్రాంతంలో, అక్కడి చిత్రకారులతో ఈ కోడెక్స్ రాయించారు. అక్కడి మొదటి స్పానిష్ వైస్రాయి అంతోనియో దె మెందోసా పేరు దానికి స్థిరపడింది. డెబ్బై ఒక్క ఆకులు. నల్ల గీత ముందు, రంగు తర్వాత. వెలుగునీడల గొడవ లేదు. మన కాళహస్తి కలంకారీ పనివాళ్లు చూస్తే వెంటనే "మనవాళ్లే" అంటారు. బొమ్మల పక్కన స్పానిష్ గుమాస్తా ఒకడు వివరం రాశాడు. ఓడలు బయల్దేరడానికి పది రోజులే గడువుందని, తొందరలో తప్పులు దొర్లాయని చివర్లో మొత్తుకున్నాడు. దసరా ముందు బోర్డులు రాసిన వాణ్ణి, ఆ బాధ నాకు తెలుసు.

అంత తొందరపడి కట్టిన పుస్తకం ఫ్రెంచి ఓడదొంగల పాలై, ఫ్రాన్స్ రాజు ఆస్థానంలో భూగోళ పండితుడు ఆంద్రే తెవే దగ్గర తేలింది. ఆయన దాని మీద 1553 అని తారీఖు వేసి సంతకాలు చేసుకున్నాడు. ఆ తర్వాత ఇంగ్లండులో చేతులు మారి 1659లో ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ లైబ్రరీకి చేరింది.

అందులో రాజులు చాపల మీద కూర్చుని ఉంటారు. ఒక్కొక్కరి తల వెనక చిన్న బొమ్మ, తలకీ దానికీ మధ్య సన్నటి గీత. మొదట్లో అవి బిరుదులో కులచిహ్నాలో అనుకున్నాను. ఎన్నికల్లో గోడల మీద హస్తాలూ సైకిళ్లూ లెక్కలేనన్ని గీశాను, అట్లాంటివేమో అనుకున్నాను. కాదు. అవి పేర్లు. పైకి చదవాల్సినవి. సైకిల్ గుర్తు చూసి తెలుగువాడు సైకిల్ అంటాడు, బెంగాలీ వాడూ సైకిలే అంటాడు, ఓటేసేది మాత్రం వేరెవరికో. ఈ బొమ్మల దారి అది కాదు. నావట్ల్ భాషలో నోరారా పలికితేనే మనిషి పలుకుతాడు. మన బసవయ్య ఎద్దు ఇదే జాతి.

చేతి పిడికిట్లో రెల్లు కట్ట: అకమపిచ్ట్లి, మొదటి రాజు. రెల్లు అకట్ల్, పిడికెడు పట్టడం మపిచ్. తేనెపిట్ట తల, తెల్లటి ఈకల బంతులు: విట్సిలివిట్ల్. డాలు అంచుల నుంచి పొగ చుట్టలు: చిమల్‌పొపొక, పొగలు కక్కే డాలు. ముఖం మీదుగా నీటి ధార: అషాయకట్ల్. నీరు 'అట్ల్', ముఖం 'షాయకట్ల్'. ఇక ఇట్స్‌కోఅట్ల్ పేరుకి పాము బొమ్మ, వీపు పొడవునా రంపపు పళ్లలా నల్లని అగ్నిశిల ములుకులు. ఇట్స్‌ట్లి అగ్నిశిల, కోఅట్ల్ పాము. ములుకుల మధ్య ఎడం చూడండి, కొలబద్ద పెట్టి గీసినట్టుంటుంది.

ఇక్కడ చదివేవాళ్లకి ఒక చిక్కు వస్తుంది. అకట్ల్ అన్నారు, పేరులో 'అక' మాత్రమే ఉందేం? దీనికి జవాబు చెప్పడానికి నాకు ఇంగ్లీషు పుస్తకం అక్కర్లేదు, బళ్లో తెలుగు మాస్టారు చెప్పిన డుమువులు చాలు. రాముడు అని విడిగా అంటాం, రామాలయం అనేటప్పటికి 'డు' ఎగిరిపోతుంది. వనము, వనభోజనం. నావట్ల్ నామవాచకాలకీ అంతే, చివర 'ట్ల్', 'ట్లి', 'ఇన్' అనే తోకలుంటాయి. ఇంకో మాటతో అతికించగానే ఊడిపోతాయి. త్లకుయిలో ఇది చెప్పకుండానే పాటించేవాడు, బొమ్మకి తోక గీయడు.

త్లకుయిలో అంటే చిత్రకారుడు. లేఖకుడు కూడా. నావట్ల్‌లో బొమ్మ గీయడానికీ, రాయడానికీ ఒకటే క్రియ. ఈ సంగతి చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. మేమూ "బోర్డు రాశాను" అంటాం, "గీశాను" అనం. పాత తెలుగులో చిత్తరువుని సైతం వ్రాసేవారు. ఆర్ట్ వేరు, రైటింగ్ వేరు అని ఎప్పుడు విడదీసుకున్నామో గాని, మా వీధిలో మాత్రం ఆ రెండూ ఒకే డబ్బాలో రంగు. వాళ్లకీ నలుపూ ఎరుపూ కలిపి అంటే విద్య అని అర్థం. కాగితం 'ఆమట్ల్', మన మర్రి, మేడి, జువ్వి జాతి చెట్ల బెరడు నానబెట్టి, రాతితో చితగ్గొట్టి చేసేది.

అన్ని పేర్లకీ బొమ్మ అంత తేలిగ్గా దొరకదు. మొతెక్సోమ అనే పేరుంది, మనం మాంటెజుమా అని విన్నది. దొరలా కోపంతో మొహం ముడిచేవాడని అర్థం. కోపాన్ని ఎక్కడ గీస్తావు? 'తెక్' అంటే దొర, ప్రభువు. ఆ ఒక్క ముక్క పట్టుకుని దొరలు పెట్టుకునే ముక్కోణపు పచ్చరాళ్ల పట్టీ గీసి వదిలేశాడు, మిగతాది చదివేవాడు పూరించుకుంటాడు. లారీ వెనక "శ్రీ వెం. ప్ర." అని రాస్తే వెంకటేశ్వర ప్రసన్నం అని మనం చదువుకోమూ! పెద్ద మొతెక్సోమకి ఇల్వికమీన అని ఇంకో పేరుంది, ఆకాశం మీదికి బాణం వేసేవాడు. దానికి చుక్కల ఆకాశపు పట్టీ, అందులో గుచ్చుకున్న బాణం. చివరి రాజు క్వావ్‌తెమోక్, దిగివచ్చే గద్ద. గద్దని తలకిందులుగా గీసి దాని కింద మనిషి అడుగుజాడ ఒకటి వేసేవారు. నడకకీ కదలికకీ ఏ క్రియకైనా వాళ్లకి అడుగుజాడే సాధనం. అతనికి ముందు ఎనభై రోజుల చిల్లర ఏలి మశూచితో పోయిన క్విట్లవాక్ పేరు మాత్రం రాసేవాడికి ఇబ్బందే. 'క్విట్లట్ల్' అంటే మలం. గీశారు, మొహమాటపడలేదు.

అసలు గమ్మత్తు మాటకి బొమ్మ దొరకనప్పుడు ఉంది. మా చిన్నప్పటి గోపాలం పేరుని ఈ పద్ధతిలో రాయమంటే నేను ఆవుని గీసి, పక్కన పాలచెంబు పెడతాను. గోపాలుడిలో పాలకీ చెంబులో పాలకీ అర్థంలో ఏ చుట్టరికమూ లేదు, పలుకులోనే పొత్తు. త్లకుయిలో ఈ పనిలో ఆరితేరినవాడు. ఊరి పేరు చివర 'పన్' వస్తే, అంటే 'మీద' అని, జెండా గీస్తాడు. జెండా పన్ట్లి గదా. 'త్లన్' వస్తే పళ్లు గీస్తాడు, పన్ను త్లన్ట్లి. క్వావ్‌నావక్ అంటే చెట్ల దగ్గర ఉన్న ఊరు. చెట్టు సరే, 'దగ్గర'ని ఏం గీస్తాం? నావట్ల్ అంటే తేటగా వినబడే మాట. అందుకని చెట్టుకి నోరు పెట్టి, నోట్లోంచి మాట చుట్ట తిరుగుతున్నట్టు వేశాడు. మాట్లాడే చెట్టు. స్పెయిన్ వాళ్లు ఆ పేరు విని తమ చెవికి తోచినట్టు కుయెర్నవాకా చేశారు, వాళ్ల భాషలో ఆవు కొమ్ములా వినబడుతుంది. ఆ ఊరికి ఇప్పటికీ అదే పేరు. చెవి కూడా బొమ్మలు గీస్తుంది మరి.

పెద్దల్ని పిలిచేటప్పుడు పేరు చివర 'త్సిన్' చేరుస్తారు, మన గారులాగా. ఊరిపేర్లలో అదే పలుకు 'చిన్న' అనే అర్థంలో వస్తుంది. వెషోత్సింకో అంటే చిన్న విల్లోల ఊరు. క్రికెట్ బ్యాట్లు చేస్తారే, ఆ జాతి చెట్టు. ఈ 'త్సిన్' కి బొమ్మ మనిషి నడుము కింది భాగం, పిర్రలతో సహా. త్సిన్ట్లి అంటే అడుగుభాగం. పుస్తకం నిండా ఊళ్లకి ఈ సగం మనుషులు అతుక్కుని ఉంటే వెన్నెల పకపకా నవ్వింది. ఇందులో నవ్వడానికేం లేదని చెప్పబోయి నేనూ నవ్వేశాను.

ఇంతకీ పేరు ఎప్పుడు పెట్టేవారు? అదీ ఆ పుస్తకంలోనే గీసి ఉంది. బిడ్డ పుట్టిన నాలుగో రోజు. తొట్టి మీద నాలుగు పూలు, రోజుకొకటి. మంత్రసాని బిడ్డని వాకిట్లోకి తెస్తుంది. రెల్లు పరిచి దాని మీద నీళ్లపళ్లెం. చుట్టూ అడుగుజాడలు, ఆమె తిరిగిన దారి. పక్కన ముగ్గురు మగపిల్లలు, వేయించిన మొక్కజొన్నలో చిక్కుడుగింజలు కలిపినది తింటూ కూర్చున్నారు. స్నానం అయ్యాక మంత్రసాని వాళ్లకి చెబుతుంది, బిడ్డ పేరు గట్టిగా అరవండ్రా అని. వాళ్లు అరుస్తారు. మనం చెవిలో మూడుసార్లు చెబుతాం, వాళ్లు వీధి వినేలా చెప్పారు. మగపిల్లాడికి డాలూ బాణాలూ, తండ్రి పనిముట్లూ గీసి ఉన్నాయి. ఆడపిల్లకి చీపురు, కదురు, బుట్ట.

పుట్టిన రోజే పేరుగా పెట్టడం కూడా ఉంది. పదమూడు అంకెలు, ఇరవై గుర్తులు, మొత్తం 260 రోజుల పంచాంగం. ఒకటో రెల్లు, ఐదో పువ్వు, ఎనిమిదో జింక ఇలాగ. అంకెకి చుక్కలు, పక్కన గుర్తు. రోజు మంచిది కాకపోతే నాలుగో రోజు కాదని మంచి గుర్తు కోసం కొన్నాళ్లు ఆగేవారు. నక్షత్రం పాదం చూసి మొదటి అక్షరం వెతికే మనకి ఇది కొత్తగా అనిపించదు.

ఆడవాళ్ల సంగతి వేరు. కుయెర్నవాకా ప్రాంతంలో 1540 చుట్టుపట్ల ఇల్లిల్లూ తిరిగి జనాభా రాశారు, అప్పటికే స్పానిష్ అక్షరాల్లో నావట్ల్ భాషలో. అందులో ఆడపిల్లల పేర్లు పేజీలకి పేజీలు ఇవే: తెయకపన్, త్లాకో, తెయికు, షోకో. పెద్దది, నడిమిది, చెల్లెలు, కడగొట్టుది. ఒక్కతే అయితే మోసెల్, ఏకైకది. మగవాళ్లకి గద్దలూ కుందేళ్లూ యుద్ధాలూ పేర్లయితే వీళ్లకి వరస నంబరు. మా అమ్మమ్మని చచ్చేదాకా నడిపమ్మ అనే పిలిచారు, అసలు పేరు రేషన్ కార్డు తీసినప్పుడు గాని నాకు తెలియలేదు. కాబట్టి నేను వాళ్లని ఏమీ అనను.

ఈ బొమ్మల్ని 'రాత' అనవచ్చా అని పండితులు నూటయాభై ఏళ్లకి పైగా వాదించుకున్నారు. ఉత్త బొమ్మలేనని, జ్ఞాపకానికి ఆసరా మాత్రమేనని కొందరు. ఆ వాదం మొదట పట్టు తప్పింది ఓ ఫ్రెంచాయన వల్ల. ఆయన పేరు ఆబేన్. మెక్సికోలో బడి నడుపుకుంటూ పాత పుస్తకాలు పోగేశాడు. అందులో చాలా భాగం అంతకు వందేళ్ల ముందు బోతురీని అనే ఇటలీ ఆయన కూడబెట్టినవి. 1743లో ప్రభుత్వం బోతురీనిని జైల్లో పెట్టి, ఆయన పుస్తకాలన్నీ లాక్కుంది. అవి చెల్లాచెదరైపోతే ఆబేన్ దొరికినవి దొరికినట్టు కొని 1840లో ఫ్రాన్స్ తీసుకుపోయాడు. ఇప్పుడు పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి. 1849లో ఆయన రాసిన వ్యాసంలో ఒక పోలిక ఉంది. ఈ విషయం మీద ఎవరేం రాసినా అక్కణ్ణించే మొదలుపెడతారు.

ఆ పోలిక ఇట్స్‌కోఅట్ల్ పేరు మీదే. రాజు పేరు ములుకుల పాము అని చూశాం. తెష్కోకో నగరం దగ్గర తెపెట్లాస్తోక్ అనే చోటి పల్లెల జనాభా పుస్తకం ఒకటుంది, వెర్గారా కోడెక్స్ అంటారు. అందులో అదే పేరు ఇంకోలా ఉంది. అగ్నిశిల ములుకు, కుండ, నీళ్లు. ఇట్స్, కో, అట్ల్. కుండ 'కోమిట్ల్'. పాము ఎక్కడా లేదు! పాముని రెండు ముక్కలు చేసి కుండలో నీళ్లు పోశాడు పల్లెటూరి లేఖకుడు. నాగమణి అని రాయమంటే పడగా మణీ గీయకుండా, నాగలీ మణికట్టూ గీసినట్టు. అర్థంతో పని లేదు, చెవికి అందితే చాలు.

స్పెయిన్ వాళ్ల అక్షరాలు చూశాకే ఈ తెలివి వచ్చిందన్నారు చాలామంది. దాని మీద నాకు మొదటి నుంచీ అనుమానం. పనివాడి చెయ్యి అంత త్వరగా కొత్త దారి పట్టదు. అల్ఫోన్సో లకాదెనా అనే స్పానిష్ పండితుడు 2008లో అచ్చేసిన వ్యాసంలో తేల్చింది నాకు నచ్చింది. తెష్కోకో వైపు లేఖకులకి పలుకుని ముక్కలుగా రాయడం అలవాటు, మిగతా చోట్ల బొమ్మ మాటగా రాయడం అలవాటు, సాధనాలు అందరి దగ్గరా పాతవే. మా దగ్గరా తెనాలి చెయ్యి వేరు, బెజవాడ చెయ్యి వేరు. అక్షరాలు అవే.

పాతవే అనడానికి రుజువు నా కళ్లతో చూశాను. ఆ డిసెంబరు సెలవుల్లో మా అబ్బాయి నాలుగు రోజులకి మెక్సికో సిటీ తీసుకెళ్లాడు. మానవశాస్త్ర మ్యూజియంలో పచ్చరాతి పలక ఒకటుంది. తెనోచ్‌టిట్లాన్ మహాదేవాలయం కట్టుబడి పూర్తయినప్పుడు, 1487లో, స్పెయిన్ వాళ్లు రావడానికి ముప్పై ఏళ్లకి పైగా ముందు చెక్కింది. కింద పెద్దగా తేదీ, ఎనిమిదో రెల్లు సంవత్సరం. పైన ఇద్దరు రాజులు ఎదురెదురుగా నిలబడి చెవులు గుచ్చుకుని నెత్తురు ధార పోస్తున్నారు. ఇద్దరి పక్కనా పేర్లు. ఒకరు తీసోక్, కాలు బొమ్మ. రెండో ఆయన తమ్ముడు అవిత్సోట్ల్. అదొక నీటిజంతువు, మనుషుల్ని నీళ్లలోకి లాగేస్తుందని భయపడేవారు. జంతువు బొమ్మతో పాటు నీళ్లు చెక్కారు. నీటిజంతువు కాబట్టి నీళ్లుండటం సహజమే అనుకోవచ్చు. కాని పేరు 'అ'తో మొదలవుతుంది, నీరు అట్ల్. నన్ను 'అ' అని మొదలుపెట్టి చదవండి అని ఆ నీళ్లు చెబుతున్నాయి. ఆ రాజు పేరు ఇప్పుడు మెక్సికో స్పానిష్‌లో అవిసోతె అయి, విడవకుండా పీడించే మనిషికి తిట్టుగా మిగిలింది. ఎంత రాజైనా జనం నోట్లో పడితే అంతే.

కాని నన్ను అన్నిటికన్నా ఎక్కువ పట్టుకున్నవి రాజుల పేర్లు కావు. ఇందాక చెప్పిన వెషోత్సింకో ఊరూ దాని చుట్టుపక్కల ఊళ్లూ పన్నుల తగాదాలో పడి, 1560లో మనుషుల లెక్క తీశారు. నాలుగు వందలకి పైగా ఆకులు. అదీ పారిస్‌లోనే. పేజీ నిండా వరసగా తలకాయలు, అన్నీ పక్కకి తిరిగినవే, ప్రతి తల దగ్గరా ఒక పేరు బొమ్మ. వేల పేర్లు. రైతులు, వడ్రంగులు, చిత్రకారులు. వితంతువులకి కళ్ల కింద కన్నీటి చుక్కలు. తలలన్నీ ఒకే అచ్చు, తేడా అంతా పేర్లలోనే. పుట్టిన మొహంలో తేడా చూపించే ఓపిక లేదు లేఖకుడికి, పేరులో తేడా మాత్రం పోనివ్వలేదు. ఓటర్ల జాబితాల్లో ఫొటోలు రాకముందు మన దగ్గర జరిగింది ఇదే గదా.

స్పానిష్ కోర్టులు ఈ పుస్తకాల్ని సాక్ష్యంగా ఒప్పుకునేవి. కాబట్టి రాయక తప్పని కొత్త పేర్లు వచ్చిపడ్డాయి. బాప్తిస్మం పుచ్చుకున్న ప్రతివాడూ పేద్రో, మరియా, హువాన్. నావట్ల్‌లో బ, ద, గ, ర అనే పలుకులే లేవు. పేద్రో నోట్లో పెతొలొ అయ్యాడు, మరియా మలియా అయింది. సన్యాసులు ప్రార్థనలు లాటిన్‌లో నేర్పారు. పాతెర్ నోస్తెర్ అని కంఠతా పట్టాలి. దాన్ని వాళ్లెలా గుర్తుపెట్టుకున్నారో మెందియెతా అనే సన్యాసి రాశాడు. పాతెర్‌కి దగ్గరగా వినబడేది పన్ట్లి, జెండా. నోస్తెర్‌కి దగ్గరగా నొచ్ట్లి, నాగజెముడు పండు. జెండా గీసి, పక్కన పండు గీసి, అలా చివరి ఆమెన్ దాకా. పరలోకమందున్న తండ్రి, ఒక జెండా, ఒక ముళ్లపండు! ఆ నాగజెముడు మన చేలగట్ల మీదికి అమెరికా ఖండాల నుంచే వచ్చింది. తెనోచ్‌టిట్లాన్ నగరం పేరులో ఉన్నదీ అదే, రాయి మీద మొలిచిన నాగజెముడు. మెందోసా పుస్తకం మొదటి బొమ్మలో తెనోచ్ అనే నాయకుడి వెనక ఆ రాయీ ఆ మొక్కా అతని పేరుగా ఉంటాయి, పేజీ నడిమధ్య అదే నగరం పేరుగా, దాని మీద గద్ద వాలి ఉంటుంది. ఆ గద్ద ఇప్పుడు మెక్సికో జెండాలో ఉంది.

కొత్త దొరల పేర్లకీ ఇదే మందు. కోర్తెస్ సేనానుల్లో పేద్రో దె అల్వరాదో జుట్టు బంగారు రంగు. అతన్ని జనం తొనాతియు అన్నారు, సూర్యుడు. బొమ్మల పుస్తకాల్లో శవమై పడి ఉన్నప్పుడు కూడా తల దగ్గర సూర్యుడే. వైస్రాయి మెందోసాకి అట్లాంటి ముద్దుపేరేదీ పెట్టలేదు, ఉన్న పేరునే రాశారు. తెయ్యెరియానో-రెమెన్సిస్ అనే పుస్తకంలో ఆయన పేరు కిత్తనార మొక్క, ఒక పందికొక్కులాంటి జంతువు. మన రైలు పట్టాల పక్కన కంచెగా పెంచేవారే, ఆ కిత్తనార వాళ్ల భాషలో మెట్ల్. నేల తవ్వే ఆ జంతువు తోసన్. మె-తోస. స్పెయిన్ చక్రవర్తి ప్రతినిధి, ఎక్కడో ఘనమైన వంశం, అక్కడి లేఖకుడి కుంచె కింద పందికొక్కుతో సర్దుకున్నాడు. వెక్కిరింత ఏమాత్రం లేదని పుస్తకాల్లో రాస్తారు. రాసేవాళ్లు ఎప్పుడూ కుంచె పట్టలేదేమో. నాకు మాత్రం నవ్వాపుకుంటూ గీశాడనే అనిపిస్తుంది. అప్పు ఎగ్గొట్టిన ఓ కామందు బోర్డులో ఆయన పేరులోని గుడిని నేను కొంచెం వంకరగా పెట్టాను, ఇరవై ఏళ్లు ఎవరూ కనిపెట్టలేదు.

ఆ శతాబ్దం చివరికొచ్చేసరికి బొమ్మల వాడకం పలచబడింది. కరణీకం అంతా అక్షరాల్లోకి మారింది, నావట్ల్ భాష కూడా ఆ అక్షరాల్లోనే వీలునామాలూ కౌలు కాగితాలూ రాసుకుంది. మశూచి, ఇంకా వరసగా వచ్చిన జబ్బులు లేఖకుల్నీ వాళ్ల దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లనీ కూడా తీసుకుపోయాయి. ఫ్లెక్సీ మిషను వచ్చిన ఏడాదే మా వీధిలో ఆరుగురం కుంచెలు పక్కన పెట్టాం. ఆ మాటా ఈ మాటా ఒకటి కాదని తెలుసు. మా ప్రాణాలైతే మిగిలాయి.

తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు సోచీ వచ్చింది. ఇద్దరికీ పేర్లు రాసిస్తానన్నాను. సోచీకి నాలుగు రేకుల పువ్వు, పాత పుస్తకాల్లో ఉన్నట్టే, నల్ల గీత లాగి లోపల ఎరుపు. అది చూడగానే "నేను!" అంది. వెన్నెలకి ఓ వెన్నముద్ద, దాని పైన నెలవంక. వెన్న, నెల. ఎంత తేలికో చూడండి, త్లకుయిలో ఉంటే భుజం తట్టేవాడు. వెన్నెల ఒక్క క్షణం ఆలోచించి పైకి చదివి ఎగిరి గంతేసింది. సోచీ కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, తల వంచి చూసి, "రాయి మీద పడవ?" అంది.

ఆ కాగితం తీసుకుని, మెందోసా పుస్తకంలో గుమాస్తా చేసినట్టు, బొమ్మ కింద సన్నటి అక్షరాల్లో పేరు రాసిచ్చాను.